ఆవు పాలు మానేస్తే వాటి బదులు ఏ పాలు తాగాలి?

ముందు ఎందుకు మానేస్తున్నారో తేల్చుకోండి. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, అరగకపోవడమే సమస్యైతే లాక్టోజ్ తీసేసిన ఆవు పాలే సరిపోవచ్చు, కానీ పాల ప్రోటీన్ అలర్జీ ఉన్నవాళ్లకు అవి కూడా పనికిరావు. పూర్తిగా మానాలంటే నా ఓటు సోయా పాలకే. కప్పుకి దాదాపు 7 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, ఆవు పాలలో 8. బాదం పాలలో మామూలుగా ఒక్క గ్రామే, ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. చక్కెర కలపనివి, కాల్షియం, బీ12 కలిపినవి చూసి కొనండి, పోసుకునే ముందు బాగా షేక్ చేయండి, లేకపోతే ఆ కాల్షియం అంతా అడుగునే ఉండిపోతుంది. వేడి కాఫీలో విరిగిపోతుంటే పాలు కాస్త వెచ్చచేసి, వాటిలోనే కాఫీని కొద్దికొద్దిగా పోయండి. ఏడాది లోపు పిల్లలకు మాత్రం తల్లిపాలకో ఫార్ములాకో బదులుగా ఇవి అస్సలు పట్టొద్దు.