వింగ్ నుంచి గోల్ కొట్టాలంటే: హ్యాండ్‌బాల్ పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా గురుకులంలో ఒక అబ్బాయి లెఫ్ట్ వింగ్ (కోర్టు ఎడమ అంచు నుంచి దాడి చేసే చోటు) ఆడతాడు. జర్మనీ ఆటగాడు ఊవే గెన్స్‌హైమర్ వీడియోలు చూసి, అట్లనే మణికట్టు తిప్పి కొట్టబోతాడు. బంతి మాత్రం నేరుగా గోల్‌కీపర్ చేతిలోకే పోతోంది. లోపం ఎక్కడుంది?
– ఒక పీఈటీ, దేవరకొండ

జవాబు: ముందు ఆ ఆటగాడి గురించి. గెన్స్‌హైమర్ 1986లో మాన్‌హైమ్‌లో పుట్టాడు. ఆ చుట్టుపక్కల క్లబ్బుల్లోనే ఎదిగి రైన్-నెకార్ లూవెన్ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. 2014లో ఆ జట్టు, కీల్ జట్టు సమాన పాయింట్లతో జర్మనీ లీగ్ ముగించాయి. గోల్ తేడాలో రెండంటే రెండు గోల్స్ తక్కువై లూవెన్‌కు టైటిల్ పోయింది. క్లబ్ చరిత్రలో తొలి జర్మన్ టైటిల్ 2016లో దక్కింది. అదే ఏడాది జనవరిలో జర్మనీ యూరోపియన్ చాంపియన్ అయినప్పుడు మాత్రం, జాతీయ జట్టు కెప్టెనైన అతను గాయంతో ఇంట్లో ఉన్నాడు. ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో తన నాయకత్వంలో కాంస్యం తెచ్చాడు. తర్వాత మూడేళ్లు పారిస్ సెయింట్ జర్మేన్‌కు ఆడి 2019లో సొంత క్లబ్బుకు తిరిగొచ్చాడు. 2022లో ఆట నుంచి తప్పుకున్నాడు.

ఇన్నేళ్లూ అతన్ని నిలబెట్టింది భుజబలం ఒక్కటే కాదు. కోణం పెంచుకోవడం, గాలిలో ఆగి చూడడం, చివరి క్షణంలో మణికట్టు తిప్పడం. మీ అబ్బాయి ఈ మూడోదాన్ని ముందు పట్టుకున్నాడు. మొదటి రెండూ రాకుండా అది పనిచేయదు.

వింగ్ మూల నుంచి చూస్తే గోల్ సన్నని చీలికలా కనిపిస్తుంది. అందుకే పోస్టు వైపు దూకకూడదు, లోపలికి, ఏడు మీటర్ల గీత (పెనాల్టీ త్రో వేసే చోటు) ముందువైపు దూకాలి. కుడిచేతి ఆటగాడు పరుగులోనే బంతి అందుకొని, మూడడుగులకు మించకుండా, చివరి అడుగు ఎడమకాలితో ఆరు మీటర్ల గీతకు (గోల్ ముందుండే వంపు గీత, దాని లోపలి నేల కీపర్‌దే) బయట వేయాలి. గీత తొక్కితే గోల్ చెల్లదు. గీత దాటి గాలిలో ఉండవచ్చు, కానీ నేలను తాకేలోపు బంతి చేతిని వదలాలి. లెఫ్ట్ వింగ్‌లో కుడిచేతివాళ్లనే ఆడించడానికి కారణం ఇదే: విసిరే చెయ్యి మైదానం మధ్య వైపు ఉంటుంది కాబట్టి కోణం ఇంకా పెరుగుతుంది. మీ దగ్గర ఎడమచేతి పిల్లలుంటే వదులుకోకండి, వాళ్ల చోటు రైట్ వింగ్.

గాలిలోకి లేచాక మోచెయ్యి భుజానికి పైనే ఉండాలి. అది కిందికి జారితే గోల్‌కీపర్‌కు షాట్ ముందే తెలిసిపోతుంది. ఎక్కువమంది పిల్లల తప్పు ఇదే. కీపర్ ముందుకొస్తే తలమీదుగా లాబ్, దగ్గరి పోస్టు మూసి నిలబడితే దూరపు మూలకు, దూరపు వైపు జరిగితే దగ్గరి పోస్టుకు. కీపర్ కదిలేదాకా ఆగాలి. ముందే నిర్ణయించుకొని దూకేవాడి బంతి కీపర్ చేతికే పోతుంది.

ఇక స్పిన్ షాట్. ఇందులో బలం తక్కువ. బంతి పక్కనుంచి వేళ్లు రాసుకుంటూ పోయేలా వదిలి, కీపర్ కాలి పక్కనుంచి బయటికి పోతుందనిపించే దారిలో వేయాలి. నేలను తాకాక అది గోల్ వైపు తిరుగుతుంది. గట్టిగా విసిరితే తిరగదు. కీపర్‌కు చాలా ముందే నేలను తాకితే అతనికి వంగి పట్టుకునే సమయం దొరుకుతుంది. అతని పాదాల వరసలోనో, కాస్త వెనకనో తాకాలి.

పాలమూరు, నల్లగొండ మొరం గ్రౌండ్లలో ఇంకో చిక్కుంది. వదులు మట్టి మీద బంతికి పట్టు దొరకదు, జారుతుంది. జర్మనీలో హాలు నేల, వేళ్లకు రాసుకునే జిగురు, రెండూ తోడుంటాయి. మీరు ఈ షాట్‌ను సిమెంటు కోర్టు మీద నేర్పండి. మొదట దూకకుండా, మూడు మీటర్ల నుంచి, నేల మీద సుద్దతో గీసిన వలయంలోకి 20 సార్లు నెమ్మదిగా. బంతి ప్రతిసారీ ఒకే వైపు తిరుగుతున్నాకే దూకి వేయించండి. ఒక తడి గుడ్డ దగ్గర పెట్టుకోండి. దుమ్ము పట్టిన బంతితో ఏ మణికట్టూ పనిచేయదు.

దూకే సాధన గట్టి నేల మీద వద్దు. లాంగ్‌జంప్ ఇసుక గుంట అంచున ఆరు మీటర్ల గీత వేస్తే మోకాళ్లు, మోచేతులు బతుకుతాయి.

ప్రశ్న: మా పాప 8వ తరగతి, 13 ఏళ్లు. ఏ సైజు బంతి కొనాలి?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: 14 నిండేదాకా సైజు 1 (చుట్టుకొలత 50–52 సెం.మీ.), ఆ తర్వాత సైజు 2 (54–56 సెం.మీ., 325–375 గ్రాములు). మగపిల్లలకు 12 నుంచి 16 ఏళ్ల దాకా సైజు 2, ఆపైన సైజు 3. పెద్దదైతే ముందు ముందు పనికొస్తుందని కొనకండమ్మా. అరచేతిలో ఇమడని బంతిని పాప మణికట్టుతో కాక భుజంతో నెట్టుతుంది, నొప్పి అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: బడిలో కోర్టు గీయాలి. ఆరు మీటర్ల వంపు సరిగ్గా రావడం లేదు.
– ఒక టీచర్, జడ్చర్ల

జవాబు: అది అర్ధవృత్తం కాదు. గోల్ మధ్యలో తాడు కట్టి తిప్పితే తప్పు వచ్చేది అందుకే. గోల్ ఎదురుగా ఆరు మీటర్ల దూరంలో, గోల్ గీతకు సమాంతరంగా 3 మీటర్ల తిన్నని గీత ముందు వేయండి. తర్వాత ఒక్కో పోస్టు లోపలి వెనక మూలలో మేకు పాతి, 6 మీటర్ల తాడుతో పావు వృత్తం గీసి ఆ గీతకు కలపండి. అదే మేకుల నుంచి 9 మీటర్ల తాడుతో తెగిన గీత. కోర్టు 40 × 20 మీటర్లు, గోల్ 3 × 2. చోటు తక్కువైతే పొడవు తగ్గించండి గానీ ఆరు మీటర్లను తగ్గించకండి. వింగ్ కోణాలన్నీ మారిపోతాయి.

ప్రశ్న: యూనివర్సిటీ జట్టుకు ఆడాను. ఎంటెక్ కోసం జర్మనీ వెళ్తున్నా. బుండెస్‌లీగాలో అవకాశం ఉంటుందా?
– ఒక విద్యార్థి, నల్లగొండ

జవాబు: లేదు తమ్ముడూ, ఆశపెట్టడం సరికాదు. అక్కడ పురుషుల పై లీగ్ అయిన బుండెస్‌లీగాలో ఉన్నవి 18 జట్లే. వాటి కింద రెండో లీగ్, మూడో లీగ్ ఉన్నాయి. పిల్లలు బడి జట్లలో కాక ఊరి క్లబ్బుల్లో ఏళ్ల తరబడి వయసు వర్గాల వారీగా ఎదిగి అక్కడికి చేరతారు. కానీ ఆడే దారి మాత్రం ఉంది. నీ యూనివర్సిటీ ఊళ్లోని క్లబ్బులో సభ్యత్వ రుసుము కట్టి చేరు, జిల్లా స్థాయి లీగ్‌లో మొదలుపెట్టు. మ్యాచ్‌కు ప్లేయర్ పాస్ ఉండాలి. ఇక్కడి ఫెడరేషన్‌లో నీ పేరు నమోదై ఉంటే అంతర్జాతీయ బదిలీ పత్రం కూడా కావాలి. ఆ కాగితాల ఆలస్యం వల్ల సీజన్ పోగొట్టుకోకు. విమానం ఎక్కకముందే కదలిక తెచ్చుకో.

ప్రశ్న: ఏడు మీటర్ల త్రోలో మా గోల్ రిఫరీ రద్దు చేశారు. ఎందుకు?
– అండర్-17 ఆటగాడు, వనపర్తి

జవాబు: ఈల వేసిన మూడు సెకన్లలో విసరాలి. బంతి చేతిని వదిలేదాకా గీతను తొక్కకూడదు, దాటకూడదు, ఒక పాదంలో కొంత భాగమైనా నేల మీద ఆని ఉండాలి. వీటిలో ఒకటి తప్పి ఉంటుంది. ఎక్కువగా తప్పేది చివరిదే: ఊపులో నిలిచిన కాలు ఈడ్చుకుపోయి గాలిలోకి లేస్తుంది. గీతకు ఒక చెయ్యి వెడల్పు వెనక నిలబడి, ముందుపాదం కింద పాత పోస్టుకార్డు పెట్టి సాధన చెయ్యి. విసిరాక కూడా అది కాలికిందే ఉండాలి.