ఎం.బి. శ్రీనివాసన్ ఎవరు? అందరూ కలిసి పాడటానికి ఎదురుగా నిలబడి చేతులతో నడిపించే కండక్టర్ ఎందుకు?

నల్లగొండ జిల్లాలో ఒక గురుకులంలో పిల్లలకు సంగీతం చెబుతాను. శ్రీనివాసన్ గారంటే నాకు ప్రాణం.

ఆయన 1925లో చిత్తూరులో పుట్టారు. పేరొచ్చింది మాత్రం మలయాళ సినిమా సంగీతంతో. యేసుదాసు గారు 1961లో సినిమాకు మొట్టమొదట పాడింది ఆయన బాణీలోనే. కులభేదం, మతద్వేషం లేకుండా అందరూ అన్నదమ్ముల్లా బతికే చోటు గురించి కేరళ సంఘసంస్కర్త శ్రీనారాయణ గురు రాసిన పాదాలవి. అయితే నా దృష్టిలో సినిమా పాటలకన్నా పెద్ద పని, 1971లో మద్రాస్ యూత్ కాయిర్ అనే బృందగాన బృందం పెట్టడం. సుబ్రహ్మణ్య భారతి కవితలు, ఇంకా రకరకాల మన భాషల పాటలు తీసుకుని, ఒక్కో గుంపుకు ఒక్కో వరస ఇచ్చి పాడించారు. 1988లో లక్షద్వీప్‌లో చనిపోయారు. ఆయన పోయాక కూడా ఆ బృందం పాడుతూనే వచ్చింది.

ఇక కండక్టర్ సంగతి. బతుకమ్మ దగ్గర ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకోవడం మా పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. అక్కడ అందరిదీ ఒకటే వరస. రెండు వరసలు ఒకేసారి పాడమంటేనే తంటా అంతా. కింది వరస పాడే పిల్ల రెండో పాదానికల్లా పక్కపిల్ల వరసలోకి జారిపోతుంది. పైవరస వాళ్లకేమో హుషారెక్కి కాలం పరుగెడుతుంది. అప్పుడు వాళ్లకు ఆధారం ఎదురుగా ఉన్న నా చేతులే. కుడిచేయి తాళం చూపిస్తుంది, ఎడమచేయి ఎవరు తగ్గాలో, ఎవరు అందుకోవాలో చెబుతుంది. అన్నిటికన్నా ముఖ్యం ఊపిరి. ఎత్తుగడకు ముందు నేను గాలి పీలిస్తే వాళ్లూ పీలుస్తారు, మొదటి అక్షరం అందరి నోటా ఒక్కసారే వస్తుంది. ఇది మైకు ముందు నిలబడి "వన్, టూ, త్రీ" అంటే వచ్చేది కాదు.

మీరూ మీ బడిలో మొదలుపెట్టాలనుకుంటే మోహన రాగంలో చిన్న పాట తీసుకోండి. అందులో మ, ని స్వరాలు ఉండవు కాబట్టి రెండు వరసలు ఒకదానిమీద ఒకటి పడినా చెవికి గుచ్చుకోదు. ముందు ఒకే పాటను రెండు గుంపులకు ఇచ్చి, రెండో గుంపును ఒక పాదం ఆలస్యంగా ఎత్తుకోమనండి. అది నిలబడ్డాకే వేరే వరస నేర్పండి. కింది వరసకు గొంతు పెద్దవాళ్లను కాదు, చెవి గట్టివాళ్లను పెట్టండి. హార్మోనియం లేకపోతే ఫోనులో తంబూరా యాప్ చాలు, పాట అయ్యేదాకా శ్రుతి మాత్రం ఆపకండి.