రాగి చుట్టకు ఫిట్టింగ్ ఎందుకు లూజు?

ఒంగోలులో ఒకరు వోర్ట్, అంటే బీరు కోసం మరిగిన మాల్ట్ రసం, చల్లార్చే రాగి చుట్ట (గిన్నెలో ముంచి లోపల చన్నీళ్లు పారించే గొట్టం) చేస్తుంటే కుళాయి ఫిట్టింగ్ లూజుగా ఉందన్నారు. చిక్కంతా కొలతలోనే. ఏసీ షాపులో రాగి గొట్టానికి చెప్పేది బయటి వ్యాసం: 3/8 అంగుళం అంటే 9.52 మి.మీ. కుళాయి సామాన్లలో అర అంగుళం పేరుకే. ఆ థ్రెడ్ బయటి వ్యాసం దాదాపు 21 మి.మీ. ఒకవైపు 3/8 కంప్రెషన్ (నట్టు బిగిస్తే గొట్టాన్ని పట్టుకునే జాయింటు), రెండోవైపు అర అంగుళం థ్రెడ్ ఉన్న ఇత్తడి కనెక్టర్ అడగండి. గొట్టం ముక్క వెంట తీసుకెళ్లండి, మాటలతో షాపులో పని జరగదు. జాయింట్లు గిన్నె బయటే ఉండాలి, సీసం టంకం వద్దు. ఒత్తిడి తక్కువైతే ప్లాస్టిక్ పైపు తొడిగి క్లిప్పు బిగించినా చాలు. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లతో వోర్ట్ సగమే చల్లారుతుంది. ఆపైన కూలర్ పంపుతో చుట్టలో ఐసు నీళ్లు తిప్పండి.