పిల్లి పళ్ళెం, పిల్లి పళ్ళు

గుంటూరు

చిరంజీవి అమ్మడికి,

దీవెనలు. నువ్వడిగినవి రెండు. మీ పిల్లి బుజ్జిగాడు పెరుగన్నం ఇష్టంగా తింటున్నాడు, అది చాలదా అని ఒకటి. నోరు కంపు కొడుతోంది, ఏం రాయాలి అని రెండోది. రెండింటికీ జవాబు మన వంటింట్లో దొరకదు. పసిబిడ్డకి పనికొచ్చేది పిల్లికీ పనికొస్తుందనుకోవడంతోనే చిక్కంతా వస్తుంది.

ముందు తిండి సంగతి. కుక్క అన్నం తిని నెట్టుకొస్తుంది గానీ పిల్లి నెట్టుకురాలేదు. దానికి టారిన్ అనే పదార్థం రోజూ అందాలి. ఒంట్లో సరిపడా తయారవదు, మాంసం నుంచీ చేపల నుంచీ రావాల్సిందే. అది తగ్గితే కంటి వెనక పొర పాడై చూపు పోతుంది, గుండె కండరం సాగి పల్చబడుతుంది. ఈ గుండెజబ్బుకి మూలం టారిన్ లోటేనని 1987లో అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు తేల్చారు. ఆ తర్వాతే మేత కంపెనీలు టారిన్ మోతాదు పెంచాయి. వేళకి పట్టుకుంటే గుండె చాలావరకు తేరుకుంటుంది, పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. పెరుగన్నం ఓ చెంచా నాకితే ప్రమాదమేమీ లేదు, కానీ దాన్ని భోజనం కింద లెక్కవేయకు. పాలు అసలొద్దు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలవుతాయి. అన్నట్టు, పిల్లి నాలుకకి తీపి తెలియదు. పాయసం గిన్నె నాకిందంటే అందులోని నెయ్యి కోసమే.

"అయితే రోజూ చికెన్ ఉడకబెట్టి పెడతా" అంటావేమో. ఉత్త కండలో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు సున్న. అదే రోజూ పెడితే ఒళ్ళు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. పిల్లికూనలకైతే కాళ్ళు వంగి, చిన్న గెంతుకే ఎముక విరుగుతుంది. అందుకని అసలు భోజనం పాకెట్ మేతే కావాలి, దాని మీద 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అని ఉండాలి. 'కాంప్లిమెంటరీ' అని ఉంటే అది చిరుతిండి. ట్యూబుల్లో వచ్చే క్రీము ట్రీట్లూ ఆ బాపతే. ఇంట్లో ఉడికించిన చికెన్ రోజు తిండిలో పదో వంతు దాటనీయకు. బ్రెస్ట్ కంటే తొడ ముక్క, దానికంటే గుండెకాయ మేలు, టారిన్ వాటిలోనే ఎక్కువ. ఉడికించినప్పుడు సగం సారం నీళ్ళలోకే దిగుతుంది కాబట్టి ఆ నీళ్ళు పారబోయకు. లివర్ వారానికి ఓ చిన్న ముక్క చాలు. రోజూ పెడితే విటమిన్ ఎ పేరుకుని మెడ ఎముకలు బిగుసుకుపోతాయి. ఉడికిన ఎముక పుల్లల్లా చీలి గొంతులో గుచ్చుకుంటుంది, ఎప్పుడూ పెట్టకు.

కూరలో ముక్క కడిగి పెట్టడం మన ఇళ్ళలో మామూలు. కారం పోతుంది గానీ ఉల్లి, వెల్లుల్లి రసం ముక్కలోకి ఎక్కి ఉంటుంది. అవి పిల్లి ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. చిగుళ్ళు పాలిపోయినా, మూత్రం ఎర్రగా వచ్చినా కారణం అదే కావచ్చు. ముక్క కావాలంటే పోపు పెట్టకముందే తీసి విడిగా, ఉప్పు లేకుండా ఉడికించు.

కృష్ణ ఒడ్డున ఉన్నావు, చేపకి కొరత లేదు. పచ్చిది మాత్రం పెట్టకు. కార్ప్ కుటుంబంలో కొన్ని చేపల పచ్చి మాంసంలో బి1 విటమిన్‌ని నాశనం చేసే పదార్థం ఉంటుంది. బి1 పోతే పిల్లి తల కిందికి వాల్చేసి తూలుతుంది. ఉడికిస్తే ఆ పదార్థం చచ్చిపోతుంది. ముళ్ళు తీసి, వారానికి ఒకటి రెండుసార్లు పెట్టు, చాలు.

ఇక కొలత. వాడు నాలుగు కిలోలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఫ్లాట్ దాటి బయటికి పోడు. అలాంటి పిల్లికి రోజుకి 200 కేలరీలకి కాస్త అటూ ఇటూగా సరిపోతుంది. డ్రై ఫుడ్ 100 గ్రాములకి 350 నుంచి 400 కేలరీలుంటాయి కాబట్టి రోజు మొత్తానికి 55 గ్రాములు. ఒక 85 గ్రాముల తడి మేత పౌచ్ పెట్టిన రోజు డ్రై ఫుడ్ 35కి దించు. కప్పుతో కొలిస్తే ఎప్పుడూ ఎక్కువే పడుతుంది, వంటింటి తూకం మిషన్ వాడు. పొద్దున, రాత్రి రెండు పూటలుగా పెట్టు. నెలకోసారి వాణ్ణెత్తుకుని నువ్వు మనుషుల బరువు చూసే మిషన్ ఎక్కు, నీ బరువు తీసెయ్. పక్కటెముకలు వేళ్ళకి తగలాలి, కంటికి కనపడకూడదు. మేత మార్చాలంటే ఏడు నుంచి పది రోజులు పట్టనీ, పాతదాంట్లో కొత్తది పావు, సగం, ముప్పావు అంటూ పెంచు. మారాం చేస్తే పస్తు పెట్టి లొంగదీద్దామనుకోకు. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే, లావుపాటిదైతే మరీ, కొవ్వు లివర్లో పేరుకుని ప్రాణం మీదికొస్తుంది.

మేతతో కలిపి రోజుకి కిలో బరువుకి 50 మిల్లీలీటర్ల నీళ్ళు ఒంట్లోకి పోవాలి, అంటే వాడికి 200. పౌచ్‌లో ముప్పావు వంతు నీళ్ళే, డ్రై ఫుడ్‌లో పదో వంతు లోపే. బెజవాడ మే నెలలో ఉత్త డ్రై ఫుడ్‌తో సరిపెట్టకు. నీళ్ళ గిన్నె మేతకి దూరంగా రెండు మూడు చోట్ల పెట్టు. మేత గిన్నె కింద నీళ్ళు పోసిన పళ్ళెం పెడితే చీమలు రావు. పౌచ్ మేత గంట దాటితే తీసెయ్. మగపిల్లి ఇసుక డబ్బాలో ముక్కుతూ కూర్చుని చుక్క మూత్రం రాకపోతే తెల్లారేదాకా ఆగకు. దారి మూసుకుపోయిందంటే ఒకటి రెండు రోజుల్లో చనిపోవచ్చు.

ఇప్పుడు నోరు. పెద్ద పిల్లికి 30 పళ్ళు. తిన్న తర్వాత పంటి మీద పట్టే పాచిని బ్రష్ తీసేస్తుంది. రెండు మూడు రోజులు వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గారవుతుంది, ఇక బ్రష్‌కి రాదు. ఆ గార చిగురు కిందికి దిగి పంటిని పట్టి ఉంచే ఎముకని తినేస్తుంది. డ్రై ఫుడ్ నమిలితే పళ్ళు శుభ్రపడతాయని షాపులో చెప్తారు. మామూలు గుళిక పంటి కొన తగలగానే పగిలిపోతుంది, చిగురు అంచుదాకా ఏం రుద్దుకోదు. పళ్ళ కోసమే చేసిన పెద్ద గుళికలు కొంత సాయపడతాయి. వాటి మీద వీఓహెచ్‌సీ (పెంపుడు జంతువుల పళ్ళ ఉత్పత్తుల్ని పరిశీలించే మండలి) ముద్ర ఉంటే పరీక్షకి నిలిచినట్టు.

నీ పిల్లికి కంపు మొదలైంది కాబట్టి బ్రష్ కొనకముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. నొప్పి ఉన్న నోట్లో బ్రష్ పెడితే జన్మలో మళ్ళీ పెట్టనివ్వదు. చిగురు అంచున ఎర్రటి గీత, చొల్లు, ఒక పక్కే నమలడం, మేత నోట్లోంచి జారవిడవడం, ఒళ్ళు నాక్కోవడం మానేయడం చూసుకో. పంటి మొదట్లో గుంట పడి పన్ను కరిగిపోయే జబ్బు పిల్లుల్లో మామూలే. దానికి ఫిల్లింగ్ నిలవదు, సాధారణంగా పీకేయాల్సిందే. నీకు గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దగ్గరే. ఎక్కడికెళ్ళినా స్కేలింగ్, అంటే గార గీకి తీయడం, చేస్తామంటే ఇవి అడుగు: ముందు రక్తపరీక్ష చేస్తారా, మత్తిచ్చి గొంతులో గొట్టం వేస్తారా, పళ్ళకి ఎక్స్‌రే ఉందా, చివర్లో పాలిష్ చేస్తారా. మత్తు లేకుండా గీకేస్తామంటే ఒప్పుకోకు. పైకి తెల్లగా మెరుస్తాయి, చిగురు కింద జబ్బు అలాగే ఉంటుంది. పళ్ళు పీకితే ఎలా తింటాడని బెంగపడకు, నొప్పి తగ్గాక మెత్తటి మేత హాయిగా తింటాడు.

నోరు బాగుపడ్డాక బ్రష్. తొందరపడకు, మూడు నాలుగు వారాలు పట్టనీ. మొదటి వారం సాయంత్రం మేతకి ముందు వాణ్ణి నీకు వీపు పెట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బొటనవేలితో పెదవి పక్కకి ఎత్తి వదిలెయ్, అంతే. మెడ పట్టుకుని బిగించకు. రెండో వారం చికెన్ ఉడికించిన నీళ్ళలో వేలు ముంచి పళ్ళ మీద రాయి. తర్వాత వేలికి మెత్తటి గుడ్డ చుట్టి రుద్దు, ఆఖర్న పసిపిల్లల మెత్తటి బ్రష్, తల చిన్నది చూసి కొను. నోరు తెరవక్కర్లేదు, బయటి వైపు చాలు, లోపలి వైపు గరుకు నాలుక చూసుకుంటుంది. చిగురుకి 45 డిగ్రీల వాలుగా పెట్టి పక్కకి అర నిమిషం. పై దవడ వెనక పళ్ళు ముందు చూడు, లాలాజలం ఊరేది అక్కడే, గార ఎక్కువ పట్టేదీ అక్కడే. రోజూ చేస్తే మంచిది, వారానికోసారైతే దండగ. పిల్లుల పేస్ట్ దొరక్కపోతే ఉత్త నీళ్ళతో కానీ. మన పేస్ట్ వద్దు, అది ఉమ్మేయలేక మింగుతుంది.

పంటి నొప్పికని లవంగ నూనె ముట్టుకోకు. అలాంటి పదార్థాల్ని విడగొట్టే శక్తి పిల్లి లివర్‌కి చాలా తక్కువ. పారాసిటమాల్ అయితే ఒక్క మాత్రే చంపేస్తుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు కిటికీ వెలుతురులో పెదవి ఎత్తి, రెండు పక్కలా ఒక్కో ఫోటో తీసి పంపు. కరవడానికొస్తే వదిలెయ్, ఆ సంగతే డాక్టర్‌కి చెప్పు. నువ్విప్పుడు వాడుతున్న పాకెట్ వెనకవైపు కూడా ఫోటో తియ్యి.

ఇట్లు
మీ పెద్దమ్మ