జపాన్‌లో పాత ఫ్లాట్ కొనేముందు ఏం చూడాలి?

టోక్యోలో 1982లో కట్టిన ఫ్లాట్ చవగ్గా వస్తోంది, విదేశీయులు కొనొచ్చా అని అడిగారు. నిక్షేపంగా కొనొచ్చు, అక్కడ నివాసం లేకపోయినా సరే. కాకపోతే ఇల్లు కొన్నంత మాత్రాన వీసా రాదు.

అసలు మెలిక ఆ 1982లోనే ఉంది. జపాన్‌లో కఠినమైన భూకంప నిబంధనలు 1981 జూన్ 1న అమల్లోకి వచ్చాయి. లెక్కలోకి వచ్చేది కట్టడం పూర్తయిన తేదీ కాదు, ప్లాన్‌కి అనుమతి ఇచ్చిన తేదీ. అంటే మీ బిల్డింగ్ పాత నిబంధనలదే కావచ్చు. ఏజెంటు నోటిమాట నమ్మకుండా అనుమతి కాగితం చూపించమనండి.

ఇక మరమ్మతుల నిధి. లిఫ్టు, నీళ్ల పైపులు మార్చాల్సిన వయసు వచ్చేసింది. నిధి ఖాళీగా ఉంటే నెలనెలా కట్టేది పెరుగుతుంది. పైగా పాత ఓనరు ఎగ్గొట్టిన మెయింటెనెన్స్ బాకీ చట్టప్రకారం మీ మెడకే చుట్టుకుంటుంది. నేనైతే అద్దె ఎంతొస్తుందో అడగడానికి ముందే అసోసియేషన్ లెక్కలు చూస్తాను.