టెక్ సందేహాలు: ఒకే రివాల్వర్‌లో రెండు రకాల తూటాలు, మనకు పనికొస్తుందా?

పర్లాకిమిడి నుంచి ఒక జీడిపప్పు వ్యాపారి రాశారు: "నమస్కారం సర్. సరుకు పాతపట్నం, టెక్కలి, పలాస వైపు వేస్తుంటాను. వసూళ్లు చూసుకుని రాత్రి పది దాటాక బండి మీద ఒక్కడినే ఇంటికి వస్తాను. ఆత్మరక్షణకు రివాల్వర్ లైసెన్సు పెట్టుకుందామని ఉంది. యూట్యూబ్‌లో జేబులో పట్టే రివాల్వర్ ఒకటి చూశాను. పాయింట్ 357 మాగ్నమ్, పాయింట్ 38 స్పెషల్, రెండు తూటాలూ అందులో పనిచేస్తాయట. ఒకటి కొంటే రెండు వచ్చినట్టే కదా? మంచీచెడూ చెప్పండి."

మీరు చూసింది నిజమే, అందులో మోసమేమీ లేదు. ఆ రెండు తూటాల్లోనూ ముందుండే గుండు కొలత ఒకటే, సుమారు 9.07 మిల్లీమీటర్లు. తేడా అంతా వెనకున్న ఇత్తడి గొట్టం పొడుగులో ఉంది. పాయింట్ 38 గొట్టం 29 మిల్లీమీటర్ల పైచిలుకు, పాయింట్ 357 గొట్టం దాదాపు 33. 1935లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ పాయింట్ 357ను తెచ్చినప్పుడు గొట్టాన్ని ఆ మూడు మిల్లీమీటర్ల పైచిలుకు కావాలనే పెంచింది. కొత్త తూటాను ఎవరైనా పాత పాయింట్ 38 రివాల్వర్‌లో పొరపాటున పెట్టబోతే అసలు పట్టకూడదని. ఎందుకంటే పాయింట్ 38 పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడికి హద్దు చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు, పాయింట్ 357కు 35,000. రెట్టింపు పైనే. కాబట్టి తిరిగే సిలిండర్‌లో తూటా కూర్చునే గూటిని గది అనుకుంటే, పొడుగు గదిలో పొట్టి తూటా పడుతుంది గానీ, పొట్టి గదిలో పొడుగుది పట్టదు. ఈ సౌకర్యం ఒకవైపే పనిచేస్తుందని గుర్తుంచుకోండి.

దీన్ని అమెరికాలో ఎందుకు ఇష్టపడతారో కూడా చెప్పాలి. అక్కడ పాయింట్ 38 చవక, కాల్చినప్పుడు చేతిని వెనక్కి కొట్టే తన్ను తక్కువ. వారానికి యాభై తూటాలు దాంతో కాల్చి చెయ్యి కుదుర్చుకుంటారు. ఇంట్లో దాచేటప్పుడు మాత్రం పాయింట్ 357 నింపుతారు. ఒక దుకాణంలో ఒకటి దొరక్కపోతే రెండోది కొనుక్కుంటారు. ఇక రివాల్వర్లన్నిటికీ ఉన్న మేలు దీనికీ ఉంది. తూటా పేలకపోతే పిస్టల్ లాగా పైభాగం (స్లైడు) వెనక్కి లాగి సరిచేయనక్కర్లేదు, మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే సిలిండర్ తిరిగి పక్క తూటా వస్తుంది.

ఇబ్బందల్లా ఆ "జేబులో పట్టే" అన్న మాటతోనే మొదలవుతుంది. ఈ రకంలో పేరున్న రూగర్ ఎల్‌సీఆర్ పాయింట్ 357 మోడల్‌నే తీసుకోండి. ఖాళీగా ఉంటే దాదాపు 485 గ్రాములు, బ్యారెల్ రెండు అంగుళాలు కూడా లేదు, పట్టేవి 5 తూటాలు. అర కిలో లేని వస్తువులో మాగ్నమ్ పేలిస్తే ఆ తన్నంతా బొటనవేలి మొదట్లో, మణికట్టులో దిగుతుంది. అలవాటు లేని మనిషికి రెండో గుండు గురి మీద ఉండదు. బ్యారెల్ పొట్టి కాబట్టి మందు పూర్తిగా కాలకముందే గుండు బయటపడుతుంది. కాలని మందు బ్యారెల్ మూతి దగ్గర మంటై లేస్తుంది. మీరు చెప్పిన రాత్రి పది గంటల చీకట్లో ఆ మెరుపు ముందు మీ కళ్లనే కమ్మేస్తుంది. ఇరుకు సందులోనో గదిలోనో అయితే ఆ చప్పుడుకు చెవులు శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

వీడియోల్లో పెద్దగా చూపించని చిక్కులు ఇంకో రెండున్నాయి. పొట్టి తూటాలు చాలా కాల్చాక, అవి ఆగిన చోట గది లోపల మసి ఉంగరంలా పేరుకుంటుంది. దాన్ని బ్రష్షుతో తియ్యకుండా పొడుగు తూటా తోస్తే బిగుసుకుంటుంది. రెండోది, మరీ తేలిక రివాల్వర్లలో ఒక తూటా పేలిన తన్నుకు, మిగతా గదుల్లో ఉన్న గుండ్లు తమ గొట్టాల్లోంచి కొంచెం కొంచెం ముందుకు జరుగుతాయి. ఒకటి సిలిండర్ ముందుకు పొడుచుకొచ్చిందంటే సిలిండర్ ఇక తిరగదు. "మళ్లీ నొక్కితే చాలు" అన్న ధీమా అక్కడితో పోయినట్టే.

ఇదంతా ఒక ఎత్తు, మన దేశంలో సంగతి ఒక ఎత్తు. ఇక్కడ పాయింట్ 38, పాయింట్ 455, 9 ఎం.ఎం. చేతి తుపాకులు నిషిద్ధ బోరు, అంటే మామూలుగా అనుమతించని కొలతల కిందికి వస్తాయి. జిల్లాలో ఇచ్చే మామూలు లైసెన్సుతో వాటిని కొనలేరు, వాటికి కేంద్ర హోం శాఖ అనుమతి కావాలి. పైగా విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యులకు 1980ల మధ్యలోనే ఆగిపోయింది. అప్పట్లో వచ్చినవే ఇప్పటికీ లక్షల్లో చేతులు మారుతున్నాయి. అంటే ఎక్కడి నుంచో పాయింట్ 357 సంపాదించినా, చవగ్గా సాధన చేసుకునే ఆ పాయింట్ 38 తూటా మాత్రం మీ చేతికి రాదు. సిలిండర్ మార్చి 9 ఎం.ఎం. వాడుకునే రకాలూ కొన్ని ఉన్నాయి, వాటికీ ఇదే అడ్డు. మీరు మెచ్చిన ఆ రెండో సగమే ఇక్కడ లేదు. నేనైతే దాన్ని మరిచిపొమ్మంటాను.

లైసెన్సు వస్తే మీకు ఎక్కువగా దొరికేది పాయింట్ 32. కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ 2014లో నిర్భీక్ అని టైటానియం మిశ్రమంతో 500 గ్రాముల రివాల్వర్ తెచ్చింది, అప్పటి ధర 1,22,360 రూపాయలు. 2023లో అదే కాన్పూర్ నుంచి ప్రబల్ వచ్చింది. సుమారు 700 గ్రాములు, సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. నన్నడిగితే ఆ అదనపు రెండొందల గ్రాములే మేలు. మోయడానికి బరువనిపించినా, కాల్చేటప్పుడు చేతిని కాపాడేది ఆ బరువే.

పాయింట్ 32లో ఒక తికమక ఉంది, జాగ్రత్తగా వినండి. మన రివాల్వర్‌కు వాడేది 23 మిల్లీమీటర్ల గొట్టమున్న తూటా. అదే పాయింట్ 32 పేరుతో అమ్మే పిస్టల్‌కు వాడేది 17 మిల్లీమీటర్లది. రెండూ "పాయింట్ 32"యే, రెండూ వేరు. చూడ్డానికి పట్టినట్టే ఉంది కదా అని ఒకదాని బదులు ఇంకొకటి పెట్టొద్దు. కొనేటప్పుడు రివాల్వర్‌కని చెప్పి, డబ్బా మీద కొలత చదివి తీసుకోండి.

మా రాయగడలో సైన్యంలో చేసి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన దగ్గర పాత పాయింట్ 32 ఉంది. మీ ఉత్తరం వచ్చాక వెళ్లి కూర్చున్నాను. మంచం మీద పేపరు పరిచి, తుపాకీ పైనున్న గొళ్లెం నొక్కారు. బ్యారెల్ ముందుకు వంగింది, ఆరు తూటాలూ ఒక్కసారే లేచి నిలబడ్డాయి. వాటిని తీసి పక్కన వరసగా పెట్టి, ఖాళీ గదులు ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూపించాక గానీ నా చేతికివ్వలేదు. గోడ వైపు పట్టుకుని ట్రిగ్గర్ నొక్కితే, నొక్కడం పూర్తయ్యేసరికి మూతి నాలుగు వేళ్ల పక్కకు పోయింది. "ఇది కుదరడానికే ఆరు నెలలు పడుతుంది బాబూ" అన్నారాయన. బ్యారెల్ మీద పసుపు చుక్కల్లా తుప్పు. ఒక వానాకాలమంతా తోలు ఒరలో ఉంచేశారట. తోలు తేమ పీలుస్తుంది, మన కొండల వానలకు మరీను. అప్పటినుంచి నూనె తుడిచి పొడి గుడ్డలో చుట్టి పెడుతున్నారు.

ఇక మీ ఊరికి ప్రత్యేకమైన సంగతి. లైసెన్సులో చెల్లుబాటు ప్రాంతం అని ఒక గడి ఉంటుంది. అందులో ఒడిశా అని మాత్రమే ఉంటే, తుపాకీ నడుముకు పెట్టుకుని పాతపట్నం వెళ్లడం నేరం. మనకు అది పక్క ఊరు, చుట్టాలుండే ఊరు, సంతకు వెళ్లే ఊరు. చట్టానికి అది వేరే రాష్ట్రం. మీ వసూళ్లన్నీ అటువైపే కాబట్టి, దరఖాస్తు చేసేటప్పుడే ఈ విషయం రాసి అడగాలి. దరఖాస్తుకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. నిర్ణయం కలెక్టరుది, పోలీసుల విచారణ తప్పదు, వయసు 21 నిండాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు ఐదేళ్లు. ఈలోగా ఎవరైనా చవగ్గా నాటు రివాల్వర్ ఇప్పిస్తామంటే దాని జోలికి పోకండి. లైసెన్సు లేకుండా దొరికితే కనీసం రెండేళ్ల జైలు.

చివరగా, అడగని మాట ఒకటి చెబుతాను. బండి మీద వెళ్లేవాడికి రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంటాయి. వెనక నుంచి వచ్చి సంచి లాగేవాడికి మూడు సెకన్లు చాలు. చొక్కా కిందున్న రివాల్వర్ ఆ మూడు సెకన్లలో చేతికి రాదు. కిందపడితే అది వాళ్ల చేతికే పోవచ్చు. వసూలులో సగమైనా యూపీఐకి మార్చండి, మిగతాది ఆ ఊళ్లోనే బ్యాంకు డిపాజిట్ మెషిన్‌లో వెయ్యండి. మీ ప్రాణం గురించి ఆలోచించే ఈ మాట అంటున్నాను.

గుణుపురం నుంచి ఇంకొకరు: "మా నాన్నగారి లైసెన్సు తుపాకీ పెట్టడానికి వేలిముద్రతో తెరుచుకునే పెట్టె కొన్నాం. ఒక్కోసారి అస్సలు తెరుచుకోదు. పెట్టె లోపమా?"

మీ ఇంట్లో జీడి పని ఉందని రాశారు కదా, లోపం అక్కడుండొచ్చు. జీడి గింజ పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, వేలి గీతలు అరిగిపోతాయి. ఆధార్ మిషన్ దగ్గర ఇలాంటి చేతులవాళ్లు పడే పాట్లు మనకు కొత్త కాదు. పనికి తక్కువగా తగిలే వేలు, ఎడమ చిటికెన వేలు లాంటిది, నమోదు చేసి చూడండి. అదే వేలిని రెండు మూడుసార్లు నమోదు చేయండి. అయినా నా ఓటు అంకెల తాళానికే. పెట్టెను గోడకు బోల్టులతో బిగించండి, లేకపోతే దొంగ పెట్టెతో సహా పట్టుకుపోతాడు. తూటాలు వేరే చోట, వేరే తాళం కింద పెట్టండి. ఇంట్లో పిల్లలుంటే ఇది ఈ రోజే చేయండి.

కాశీనగర్ నుంచి ఒక చెల్లెమ్మ: "మా ఇంటి దగ్గర ఫోన్ ఒకసారి ఒడిశా టవర్, ఒకసారి ఆంధ్రా టవర్ పట్టుకుంటుంది. ఆపదలో 112 కొడితే ఎక్కడికి వెళ్తుంది?"

ఆ క్షణంలో ఏ టవర్ పట్టుకుంటే ఆ రాష్ట్రం వాళ్లకే వెళ్లే అవకాశం ఎక్కువ. అందుకే ఫోన్ ఎత్తగానే ఏం జరిగిందో చెప్పకముందు ఊరు, జిల్లా, రాష్ట్రం చెప్పమ్మా: "కాశీనగర్, గజపతి జిల్లా, ఒడిశా". పవర్ బటన్ వెంటవెంటనే నొక్కితే అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు ఉంటుంది. ఫోన్‌ను బట్టి 3 సార్లో 5 సార్లో నొక్కాలి. సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ అని వెతికి అది ఆన్‌లో ఉందో లేదో చూసుకో. ఇంట్లో అమ్మ ఫోన్‌లో కూడా చూడు.