సాయం కోసం పాడిన పాటలు: పాతవాటి బలం ఎక్కడిది?

ప్రశ్న: ఇథియోపియా కరవు బాధితుల కోసం అమెరికా గాయకులంతా కలిసి పాడిన ‘వుయ్ ఆర్ ది వరల్డ్’ క్యాసెట్టును మా నాన్నగారు ఇప్పటికీ భద్రంగా దాచుకున్నారు. ఇప్పుడూ ఏదో ఒక విపత్తు పేరుతో అలాంటి పాటలు వస్తూనే ఉన్నాయి గానీ నాలుగు రోజులు గడిస్తే ఒక్కటీ గుర్తుండడం లేదు. పాతవాటంత ప్రభావం కొత్త పాటలకు సాధ్యమేనా? లేక ఇదంతా ఆ తరానికి తమ రోజుల మీద ఉండే మమకారమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ నాన్నగారు దాచుకున్న క్యాసెట్టులోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. ఆ రోజుల్లో నచ్చిన పాటను మళ్లీ వినాలంటే రేడియోలో వచ్చేదాకా కాచుకోవాలి, లేదా డబ్బు పెట్టి కొనుక్కోవాలి. అందువల్ల పాటను కొనడమే విరాళం ఇవ్వడం అయింది. వినాలన్న కోరికకూ ఇవ్వాలన్న మనసుకూ మధ్య దూరమే లేదు.

1984 అక్టోబరులో ఇథియోపియాలోని కోరెం నుంచి బీబీసీ విలేఖరి మైకేల్ బర్క్ పంపిన కథనాన్ని టీవీలో చూసి చలించిపోయిన ఐర్లండ్ గాయకుడు బాబ్ గెల్డాఫ్, మరో గాయకుడు మిడ్జ్ యూర్‌తో కలిసి ‘డు దే నో ఇట్స్ క్రిస్మస్?’ అనే పాట సిద్ధం చేసి, నవంబరు 25న లండన్‌లో పేరున్న గాయకులందరినీ ఒక్క స్టూడియోలోకి చేర్చి రికార్డు చేయించాడు. క్రిస్మస్ ముందు విడుదలైన ఆ రికార్డు బ్రిటన్‌లో 30 లక్షలకు పైగా అమ్ముడైంది. దాని స్ఫూర్తితో అమెరికా గాయకుడు హ్యారీ బెలఫాంటే పూనుకోగా, మైకేల్ జాక్సన్, లయొనెల్ రిచీ రాసిన పాటను క్విన్సీ జోన్స్ నిర్వహణలో 1985 జనవరి 28 రాత్రి హాలీవుడ్‌లో రికార్డు చేశారు. మీ ఇంట్లో ఉన్నది అదే. ప్రపంచమంతటా 2 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడై, 6 కోట్ల డాలర్లకు మించి సహాయ నిధికి చేరాయి.

2010లో హైతీ భూకంపం వచ్చినప్పుడు అదే పాటను, అదే భవనంలోని స్టూడియోలో, మరింత మంది గాయకులతో మళ్లీ పాడించారు. మొదట్లో బాగానే అమ్ముడైనా, ఈనాడు ఆ పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది 1985 నాటి పాటే. గాయకుల ప్రతిభ తగ్గిందని నేను అనుకోను. ఫోన్‌లో పాట ఉచితంగా, లేదా ఉచితమన్నంత చౌకగా దొరుకుతున్నప్పుడు, పదిసార్లు విన్నవారి నుంచి కూడా బాధితుడికి చేరేది అతి స్వల్పం.

ఇప్పుడు దానం ఒక దారిన, పాట మరో దారిన నడుస్తున్నాయి. 2020లో బ్రిటన్‌లో 99 ఏళ్ల మాజీ సైనికుడు టామ్ మూర్, వాకర్ ఊతంతో తన తోటలో వంద చుట్లు తిరిగి ఆరోగ్య సేవా సంస్థల కోసం 3 కోట్ల పౌండ్లకు పైగా విరాళాలు రాబట్టాడు. విరాళాలు వెల్లువెత్తడం మొదలయ్యాకే ఆయన గొంతు కలిపిన పాట వచ్చి బ్రిటన్ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. జనం చేయి ముందే జేబులోకి వెళ్లింది, పాట వెనకాల వచ్చింది. మన దివిసీమ ఉప్పెన తర్వాత, 1977లో, ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి తిరిగినప్పుడూ జనాన్ని కదిలించింది ఎదురుగా వచ్చి నిలబడిన మనిషే.

అలాగని పాత పాటలను మచ్చలేనివిగా చూడడం కూడా సరికాదు. 1971లో సితార్ విద్వాంసుడు రవిశంకర్ అభ్యర్థనపై బీటిల్స్ బృందపు మాజీ గాయకుడు జార్జ్ హారిసన్ బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పాట విడుదల చేసి, ఆగస్టు 1న న్యూయార్క్‌లో కచేరీ ఏర్పాటు చేశాడు. టికెట్ల ద్వారా వచ్చిన దాదాపు 2.43 లక్షల డాలర్లు ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్‌కు చేరాయి గానీ, ఆల్బమ్, సినిమాల రాబడిలో పెద్ద భాగం పన్ను చిక్కుల్లో ఏళ్ల తరబడి ఇరుక్కుపోయింది. ఆకలితో ఉన్నవారి పేరున వసూలైన సొమ్ము అలా ఆగిపోవడం తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

1984 నాటి లండన్ పాట మీద వచ్చిన అభ్యంతరం ఇంకా లోతైనది. నీలి నైలు నది పుట్టిన దేశాన్ని, నాలుగో శతాబ్దం నుంచీ క్రైస్తవం ఉన్న దేశాన్ని, నీటిచుక్క లేని, క్రిస్మస్ సంగతే ఎరుగని చోటుగా ఆ పాట చిత్రించింది. కరవుకు అంతర్యుద్ధం కూడా కారణమన్న సంగతి అందులో లేనే లేదు. 2014లో ఎబోలా బాధితుల కోసం ఆ పాటను మళ్లీ పాడినప్పుడు ఘనా మూలాలున్న గాయకుడు ఫ్యూజ్ ఓడీజీ ఆఫ్రికాను అలా చూపడం ఇష్టంలేక తప్పుకున్నాడు. అప్పుడు పాడిన ఎడ్ షీరన్, 2024లో కొత్త కూర్పులో తన గొంతు వాడేముందు అడిగి ఉంటే ఒప్పుకునేవాడిని కానని బహిరంగంగానే చెప్పాడు.

కాబట్టి అమ్మకాల్లో కొత్త పాటలు పాతవాటిని అందుకోలేవనే నా అభిప్రాయం. బాధితులను గౌరవించడంలో మాత్రం పాతవాటిని మించగలవు. 1985లో ఆ రాత్రి స్టూడియోలో స్వాహిలీలో ఒక పంక్తి చేర్చుదామన్న సూచన వస్తే, ఇథియోపియాలో ఆ భాష మాట్లాడరని గుర్తుచేయవలసి వచ్చింది. 2010 పాటలో హైతీలోనే పుట్టిన వైక్లెఫ్ జాన్ తన వాళ్ల క్రియోల్ భాషలో గొంతెత్తాడు. ఆ భాగాన్ని మీరు ఒకసారి వినండి, వీలైతే మీ నాన్నగారికీ వినిపించండి.